ఎర్రతోకలు ఎక్కని మెట్లు

జూన్ 18
పడవ పందేలకు జలాశయం నిండుగా కనబడాలట. ఇంజనీర్ గారు కంట్రోల్ రూంకి వచ్చి మరీ చెప్పారు. గేట్లతో పాటు, చేపలు ఆనకట్ట ఎక్కే మెట్లకు నీళ్లు వదిలే వాల్వ్ కూడా మూసెయ్యమన్నారు. ఎర్రతోక చేపలు ఎగువకు వచ్చే రోజులు సార్, అని గొణిగాను. నాలుగు రోజులకు కొంపలేం మునగవమ్మా, అన్నారు. నా ప్రమోషన్ ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. స్విచ్ నొక్కాను.

జూన్ 19
చెల్లి కాలు ఒకచోట నిలవడం లేదు. చేపల పరిశోధన కేంద్రంలో దాని ఉద్యోగం. ఎర్రతోకలు ఈ నదిలో తప్ప ఇంకెక్కడా లేవు, ఇక్కడా దాదాపు అయిపోయాయి. మూడేళ్ల క్రితం అది తొట్టెల్లో వాటి పిల్లల్ని పెంచి దిగువన వదిలింది. పెద్దవై గుడ్లు పెట్టడానికి ఆనకట్ట మెట్లెక్కి పైకి రావాల్సింది ఇప్పుడే. ఎక్కి వచ్చినవాటిని లెక్కపెట్టడానికి ఎగువన రేవు దగ్గర వల కట్టి కూర్చుంటోంది. మెట్ల దగ్గరికి వెళ్లి చూశావా అని అడిగాను. "నువ్వున్నావుగా అక్కా, నాకెందుకు బెంగ?" అంది.
ప్లేటులోకి చూస్తూ తలూపాను.

జూన్ 21
ఒక్కటీ రాలేదట.

జూన్ 22
పందేలు అయ్యాయి. చప్పట్లు కంట్రోల్ రూం దాకా వినిపించాయి. వాల్వ్ తెరవనా సార్ అంటే, బహుమతుల ఫోటోలు కూడా అయిపోనీ, అన్నారు.
సాయంత్రం చెల్లి ఏడ్చింది. తొట్టెల్లో పెరిగిన చేపలకు దారి తెలియలేదట, తప్పంతా తన పెంపకానిదేనట. పై అధికారికి అలాగే రాసిస్తానంది. వీపు నిమిరాను. వచ్చే ఏడు వస్తాయిలే అన్నాను. ఎంత చక్కగా ఓదార్చానో! నా మీద నాకే అసహ్యం వేసింది.

జూన్ 23
పొద్దున్నే ఒక జాలరి చెల్లికి ఫోన్ చేశాడు. మెట్ల కింద చేపలు తేలుతున్నాయని. అది పరుగెత్తింది, వెనకే నేను.
మెట్లు ఎండిపోయి ఉన్నాయి. పాచి పెచ్చులు లేచింది. కింద మడుగులో ఎర్రతోకలు. వచ్చాయి, అన్నీ వచ్చాయి! సగం వెల్లకిలా తేలుతున్నాయి, కడుపుల నిండా గుడ్లతో. మిగిలినవి పొడి మెట్టుకేసి మూతులు కొట్టుకుంటున్నాయి.
వాల్వ్ ఎవరు మూశారని చెల్లి అడగలేదు. ఎప్పుడు మూశావని అడిగింది.
చెప్పాను.

మధ్యాహ్నం
ఎవర్నీ అడక్కుండా వాల్వ్ తెరిచాను. ఇంజనీర్ గారు ఫోన్లో కేకలేశారు. సస్పెండ్ చేస్తారట. చేసుకోండి సార్ అన్నాను. ఇంత సులువైన మాట పద్దెనిమిదో తారీఖున నోట్లోంచి రాలేదేం?

జూన్ 24
నీళ్లొచ్చినా ఎక్కే ఓపిక చేపలకు లేదు. చెల్లి, జాలర్లు టబ్బుల్లో పెట్టి ఎగువకు మోస్తున్నారు. పిలవకపోయినా వెళ్లాను. మోకాళ్ల లోతు నీళ్లలో దాని పక్కనే నిలబడ్డాను. అందరితో మాట్లాడింది, నాతో తప్ప.

జూన్ 25
చెల్లి నాతో మాట్లాడింది. "అంత గట్టిగా పట్టుకోకు, చచ్చిపోతుంది" అంది.
చేప గురించే.