పిలిస్తే వచ్చే మనిషి

సెప్టెంబర్ 14, ఆదివారం. జమోరా, స్పెయిన్

ఆకలితో రాస్తున్నా.

వచ్చి వారమైంది. సెమిస్టర్ అయ్యేదాకా నాకు రూమ్ ఇచ్చింది రెమే అనే ఆవిడ. అరవై ఎనిమిదేళ్లు, ఒంటరి మనిషి. జీవితమంతా మార్కెట్లో చేపలమ్మి రిటైరయింది కానీ గొంతు ఇంకా మార్కెట్లోనే ఉంది. ఈరోజు శనగల కూర చేసింది. వాళ్లు అందులో పంది మాంసం వేస్తారు. మేం ముస్లింలమని నా కోసం వేయకుండా వండింది, పాపం. ఎంత బాగుందో. ఇంకొంచెం వేయనా అని అడిగింది. వద్దన్నా. గిన్నె తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేసింది.

అంతే. రెండోసారి అడగనే లేదు. నంద్యాలలో మా ఇంట్లో వద్దంటే అది మొదటి రౌండ్. అమ్మ మళ్లీ అడుగుతుంది, ఆ తర్వాత అడక్కుండానే వడ్డిస్తుంది, నేను చెయ్యి అడ్డం పెట్టినట్టు పెట్టి సుబ్బరంగా తింటా. ఇక్కడ వద్దంటే వద్దనే. మూడేళ్లు హైదరాబాద్‌లో స్పానిష్ చదివా, ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

సెప్టెంబర్ 25

క్లాసులో ఇవాళ కూడా నోరు తెరవలేదు. అయ్యాక ప్రొఫెసర్ పక్కకి పిలిచింది. నువ్వు ప్రతి వాక్యాన్ని తలలో ఇస్త్రీ చేసి గానీ బయటికి తీయవు, అప్పటికి మేం వేరే టాపిక్‌లో ఉంటాం అంది. నిజమే. ఇంట్లో నన్ను కాసేపు గమ్మునుండమని బతిమాలుతారు అని చెబుదామనుకున్నా. ఆ వాక్యం ఇస్త్రీ అయ్యేసరికి ఆవిడ వెళ్లిపోయింది.

డిసెంబర్ 16న ఓరల్ ఎగ్జామ్. అది పోతే సెమిస్టర్ మొత్తం పోయినట్టే. నాయన నన్ను ఇంత దూరం పంపించడానికి చుట్టాలందరితో గొడవ పడ్డాడు. అది తల్చుకుంటే నోరు ఇంకా ఎండిపోతోంది.

సెప్టెంబర్ 26

తప్పుగా అడిగితే రెమే ఉప్పు కూడా ఇవ్వదు. చప్పిడి సూప్ తాగా.

అక్టోబర్ 5, ఆదివారం

జేజి ఆళ్లగడ్డ నుంచి వీడియో కాల్ చేసింది. నాయన ఎంత పిలిచినా వాళ్లమ్మ నంద్యాలకు వచ్చి ఉండదు. నువ్వు అమ్మే పరుపుల మీద నాకు నిద్ర పట్టదని మొహాన్నే చెప్పింది ఆయనకి. ఆళ్లగడ్డలోనే పాత చీరలతో బొంతలు కుట్టుకుంటూ, వీధిలో పోయే ప్రతి ఒక్కరితో మాట్లాడుతూ ఉంటుంది.

రెమే నా భుజం మీద నుంచి ఫోన్‌లోకి తొంగి చూసి గట్టిగా పలకరించింది. జేజి ఫోన్ దూరం జరిపి, ఏందీ, ఈయమ్మ గొంతు బండి మీద మైకు మాదిరి ఉంది అంది. ఏమంటోందని రెమే అడిగింది. మీ గొంతు చాలా బాగుందట అన్నా. రెమే సిగ్గుపడింది. మీ జేజి మొహం ఎండిన చేపలాగా ఉంది, తిండి పెట్టేవాళ్లు లేరా అని అడగమంది. నీ ఆరోగ్యం ఎట్లుందని అడుగుతోంది జేజీ అన్నా.

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మంచి అభిప్రాయం ఏర్పడింది. నా పుణ్యమే.

అక్టోబర్ 26, ఆదివారం

ఇప్పుడు ఆదివారం వస్తే రెమే పదింటికే జుట్టు దువ్వుకుని కూర్చుంటుంది. ఇద్దరూ ఒకరు ముగించకుండానే ఇంకొకరు మొదలుపెడతారు, మధ్యలో నాకు ఇస్త్రీకి టైమ్ ఎక్కడిది. తప్పో ఒప్పో కక్కేయడమే.

రెమే మొగుడు చాలా ఏళ్ల క్రితం ఎవరితోనో వెళ్లిపోయాడట. ఇన్నాళ్లూ నాతో అనలేదు. జేజికి చెప్పింది, నా నోటితోనే. జేజి, పోనీలే, వంట సగం తగ్గింది అంది. జేజి చాలా బాధపడుతోంది అని చెప్పా. రెమే కళ్లు తుడుచుకుంది. నాకు కొంచెం భయమేసింది.

నవంబర్ 9, ఆదివారం

కొంప మునిగింది.

ప్రతి కాల్ చివర జేజి, ఒగసారి మా ఊరికి రావల్ల వొదినా అంటుంది. అది కాల్ కట్ చేసేముందు అనే మాట. జేజి అందర్నీ అలాగే పిలుస్తుంది. కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినాయన్ని, ఇంజెక్షన్ వేసిన నర్సమ్మని, హెల్మెట్ లేదని నాయన్ని ఆపిన పోలీసాయన్ని కూడా పిలిచింది. వాళ్లూ తప్పకుండా అంటారు. ఎవరూ రారు, వస్తారని జేజీ అనుకోదు. నేనూ ఆలోచించకుండా ప్రతి వారం అనువాదం చేస్తూ పోయా.

ఇవాళ రెమే టికెట్ బుక్ చేసింది. డిసెంబర్ 19. అంత పెద్దావిడ ఇన్నిసార్లు అడుగుతుంటే ఇంకా అడిగించుకోవడం పద్ధతి కాదంది. ఎలాగూ నీ ఎగ్జామ్ అయిపోతుంది, కలిసి వెళ్దామంది.

జేజికి చెప్పా. మాయమ్మే, నిజ్జంగానే వస్తాందా అంది.

నవంబర్ 17

నాయన అంగడి మూసేసి ఆళ్లగడ్డలో వెస్ట్రన్ కమోడ్ పెట్టిస్తున్నాడు. జేజి దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని మేస్త్రీని తిడుతోందట.

డిసెంబర్ 16

ఓరల్. ఈ దేశంలో మీకు దొరికిన స్నేహం గురించి చెప్పండి అన్నారు. చెప్పా. టైమ్ అయిపోయింది అన్నాక కూడా చెప్పా.

డిసెంబర్ 21. నంద్యాల

అమ్మ నాటుకోడి పులుసు చేసింది. రెమే చాలు అంది. అమ్మ ఇంకో గరిటె వేసింది. తన స్పానిష్ అర్థం కాలేదనుకుని రెమే ఇంకా గట్టిగా చాలు అంది. అమ్మ సంతోషపడి సంగటి కూడా వేసింది. మూడోసారి చేపల మార్కెట్ గొంతుతో అరిచేసరికి పక్కింటి వాళ్లు ఏమైందోనని వచ్చారు. నేను నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నా.

డిసెంబర్ 23. ఆళ్లగడ్డ

జేజి రెమే కంటే చాలా పొట్టి, అది ఇద్దరికీ ఇప్పుడే తెలిసింది. జేజి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కొత్త బొంత మీద కూర్చోబెట్టింది.

సాయంత్రం వీధి వీధంతా చూడడానికి వచ్చింది. వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరూ, మా ఇంటికి రాండమ్మా అన్నారు. రెమే ప్రతి ఒక్కరినీ ఏ రోజు అని అడిగింది. ఎప్పుడైనా రావచ్చు అన్నారు వాళ్లు.

డిసెంబర్ 26

నేను కళ్లు తెరిచేలోపు రెమే ఒక్కతే వెళ్లిపోయింది. ఎదురింటి నాగేశ్వరమ్మ ఇంట్లో దొరికింది. నాగేశ్వరమ్మ తల దువ్వుకోకుండా ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది, వాళ్లాయన బజ్జీలకు మిరపకాయలు తేవడానికి పరిగెత్తాడు. అక్కడ నుంచి మధ్యాహ్నం ఉమామహేశ్వరమ్మ ఇంటికి. వాళ్లు అప్పటికే తిని గిన్నెలు కడిగేశారు. మళ్లీ పొయ్యి వెలిగించారు.

డిసెంబర్ 28. సాయంత్రం

రెమే పిచ్చిది కాదు. తలుపు తీయగానే ఆ మొహాలు ఎందుకలా అయిపోతున్నాయని అడిగింది. సూటిగా అడిగింది కాబట్టి సూటిగా చెప్పా. ఇక్కడ రమ్మని పిలవడం మర్యాద, ఎవరూ దాన్ని పట్టుకుని రారు అన్నా.

కిటికీ కమ్మి పట్టుకుని ఎదురింటి వైపు చూసింది. మరి మీ జేజి పిలిచింది కూడా అదేనా అంది.

నేను ఫోన్ తీసి చూస్తున్నట్టు నటించా.

టికెట్ మార్చుకుని రేపే వెళ్తానంది. అంతకుముందు జేజిని ఒక్క మాట అడగమంది. నన్ను రమ్మన్నది నిజమా కాదా అని. జేజి చెప్పింది చెప్పినట్టు చెప్పమంది, తియ్యగా వద్దంది. అంటే ఇన్నాళ్లూ తనకి తెలుసన్నమాట.

జేజి గడప దగ్గర బొంత కుడుతోంది. నేను పోయి అడిగా. ఒక్కసారి అబద్ధం చెప్పు జేజీ అని లోపల మొక్కుకున్నా. జేజి సూది ఆపి నన్ను కాదు, రెమేని చూస్తూ చెప్పింది.

"ఊరికే పిలిచినా వొదినా. అందర్నీ పిలుస్తా, నోటి మాటే గదా. ఎవురూ రారు. ఇంత వయసొచ్చినాక, పిలిస్తే వచ్చింది నువ్వొగదానివే."

మొత్తం చెప్పా. ఒక్క ముక్క మార్చలేదు. ఊరికే అన్నది కూడా ఊరికే అనే చెప్పా. వాక్యం ఎక్కడా ఆగలేదు.

జేజి కుట్టడానికి ఇంకా సగం ఉన్న బొంత తెచ్చి ఆవిడ ఒళ్లో పడేసింది. కూచోని తినేదానికి వచ్చినావా, కుట్టు అని చెప్పమంది. అదీ ఉన్నదున్నట్టే చెప్పా. రెమే నవ్వింది. ఆ నవ్వు బస్టాండు దాకా వినపడి ఉంటుంది.

ఆవిడ కుట్టు చూడాలి. గోనెసంచి మూతి కుట్టినట్టుంది. జేజి ఒక్కటీ విప్పలేదు.

జనవరి 1

టికెట్ మార్చుకోలేదు. ఇద్దరూ పొద్దుట్నుంచీ కుడుతున్నారు. ఒకరు తెలుగులో, ఒకరు స్పానిష్‌లో. మధ్యలో కూర్చుంటే, వెలుతురికి అడ్డం జరగవే అని జేజి లేపేసింది. కొంచెం కుళ్లుకున్నా, ఎక్కువగా ముద్దొచ్చారు.

జనవరి 3. నంద్యాల

రెమే వెళ్లిపోయింది. హైదరాబాద్ బస్సు దగ్గరికి జేజి కూడా వచ్చింది. ఈసారి నువ్వు రావాలి అంది రెమే. జేజి అలవాటు ప్రకారం, వస్తాలే, వస్తాలే అంది. రెమే ఏ నెల అని అడిగింది. నేను చెప్పా. జేజి బిత్తరపోయి నన్ను చూసింది. బస్సు పోతాంది, ఎక్కమను అంది.

బస్సు మలుపు తిరిగాక ఏడ్చా. జేజి ఏడవలేదు. వీధిలో ఎవరినీ పలకరించలేదు, అది ఇంకా ఘోరం.

జనవరి 22. హైదరాబాద్

ఓరల్ పాస్. ముందు రెమేకి చెప్పా, తర్వాత ఇంటికి. నాయనకి ఈ వరస తెలియకూడదు.

ఫిబ్రవరి 8, ఆదివారం. నంద్యాల

వీకెండ్‌కి ఇంటికొచ్చా. పొద్దున్నే జేజి ఆళ్లగడ్డ నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చెప్పులు విడవకుండానే, పాస్‌పోర్టు యాడ ఇస్తారని నాయన్ని అడిగింది. మక్కాకా, ఉమ్రాకా అన్నాడు నాయన. కాదంది. మరి యాడికి పోతావమ్మా అన్నాడు.

"ఆయమ్మ పిలిచింది గదా."