వీసా ఫోటోలో ముఖం గురించి సంజాయిషీ

గౌరవనీయులైన వీసా అధికారి గారికి,

ఎడారిలోని పిరమిడ్లు చూడటానికి మేము పెట్టుకున్న దరఖాస్తులో నా ఫోటోను "ముఖం స్పష్టంగా లేదు" అంటూ మీరు రెండుసార్లు తిప్పి పంపారు. కారణాలు మనవి చేస్తున్నాను.

మొదటి ఫోటోకు ముందురోజు, యాత్రలో మూడో రోజున రాజుల సమాధులు చూడాలా, నదిలో పడవ ఎక్కాలా అన్న అంశంపై మా ఇంట్లో చర్చ జరిగింది. నేను పడవ అన్నాను. మావారు ఎనిమిది వందల పేజీల గైడు పుస్తకంతో నా ముఖం మీద జవాబిచ్చారు. స్టూడియో అతను "రెండు కళ్లూ తెరవండమ్మా" అన్నాడు. "తెరిచాను బాబూ, ఒకటి ఇంకా ఒప్పుకోవడం లేదు" అన్నాను.

ఆ ఫోటో తిరిగి వచ్చిన రోజున మావారు "ఫోటో దిగడమే చేతకాదు, నీకు పిరమిడ్లొకటా!" అని నా తలను బీరువాకేసి రెండుసార్లు కొట్టారు. అందుచేత రెండో ఫోటోలో పెదవి చిట్లి ఉంది. బీరువాకు సొట్ట పడినందుకు విడిగా దెబ్బలు పడ్డాయి.

మూడో ఫోటో జతపరిచాను. వాపు లేదు, ముఖమూ నాదే. అయినప్పటికీ ఆయన వీసా మంజూరు చేసి, నాది తిరస్కరించవలసిందిగా ప్రార్థన. తిరస్కరణ ఉత్తరం మాత్రం ఇంటికి పంపకండి. "పరిశీలనలో ఉంది" అంటే చాలు. "నువ్వు రాకపోతే సమాధులు పారిపోతాయా?" అని ఆయన ఇప్పటికే అన్నారు కనుక, పదిహేను రోజుల యాత్రకు ఒక్కరే బయలుదేరుతారు.

ఇల్లు మా అమ్మ నా పేర రాసింది. తాళాలు మార్చడం గంట పని అన్నాడు తాళాలవాడు. మిగిలిన పద్నాలుగు రోజుల ఇరవై మూడు గంటలూ నిద్రపోదామనుకుంటున్నాను.

విధేయతతో,
దరఖాస్తులో రెండవ వ్యక్తి