పంతులమ్మగారి భుజం

అత్తయ్యగారికి నమస్కారం. "పరదేశపు చదువు వద్దు, పిల్లని వెనక్కి పంపించు" అని మీరు కబురు పెట్టారు కనుక, మనసు గట్టి చేసుకునేలోపు ఈ సంగతి మీకు తెలియాలి.

ఫ్రెంచి దేశంలో ఫిజియోథెరపీ చదవాలంటే ముందు ఆ భాషలో మాటల పరీక్ష నెగ్గాలి. నిన్న దానికి ఫ్రెంచి నేర్పే పంతులమ్మగారు మోకాలి నొప్పి రోగిలా నటిస్తూ మీ చిన్నమ్మాయికి తర్ఫీదు ఇచ్చారు. సలుపుకీ పోటుకీ ఫ్రెంచి మాటలు దానికి తోచలేదు. పోయినసారి పరీక్షలో ఇలాంటి చోటే నోరు పెగలక తప్పింది. ఈసారి తన మోకాలినే మెల్లగా అదిమి, ఆపైన వేలితో పొడిచి చూపి, "ఇలాగా? ఇలాగా?" అని ఫ్రెంచిలో అడిగింది.

ఆవిడ నటన మరిచిపోయి, పైకి లేవని తన భుజం చూపించి, ఎవరికీ చెప్పుకోని బాధంతా ఆ భాషలోనే ఏకరువు పెట్టారు; ఆ సంగతి తర్వాత ఆవిడే నాకు చెప్పారు. ఇది ఓపికగా విని, నా దగ్గర నేర్చుకున్న పద్ధతిలో భుజం పరీక్షించి, వ్యాయామం చేయించింది. నాకు ఫ్రెంచి రాదు గాని, ఇన్నేళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నదాన్ని; ఆ చేతులలో నాకు తప్పు కనిపించలేదు.

"పరీక్ష నేను పెడితే, మీ ఆడపడుచు నాకే వైద్యం చేసిందమ్మా!" అని ఆవిడ నవ్వారు.

దాని ఉన్ని శాలువా పంపండి. మీ నడుము సలుపా, పోటా? అది అడగమంది. మామయ్యగారికి నమస్కారాలు.

సోమవారం పరీక్ష అయ్యేదాకా దానిని రమ్మనకండి. నెగ్గుతుందో లేదో మాత్రం నాకు తెలియదు.