దగ్గు మానిన బండి

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు పుంగనూరులో మన వాకిట్లోనే నీ పెద్దకారు ప్లగ్గులు, కాయిళ్లు నేనే మార్చాను.

మొన్న అమ్మను కంటి డాక్టరు దగ్గరికి మదనపల్లె తీసుకెళుతుంటే, మిట్ట ఎక్కుతూ బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. వెనకే లారీ. ఆ భయం ఇంకా పోలేదు. ఇంత ఖరీదైన బండిని ఇక్కడి మెకానిక్కులు ముట్టుకోరు. నువ్వు బెంగళూరు నుంచి తెచ్చిన కొత్త సామాన్లు బీరువాలోనే ఉన్నాయి.

అమ్మ కునుకు తీస్తుండగా మొదలుపెట్టాను. ఇంజను చల్లారిందా అని నీలాగే చేతి వెనకవైపుతో తాకి చూశాను. “వేడి మింద ప్లగ్గు తిప్పితే మర పోతాది పాపా” అనేవాడివి. చివరి ప్లగ్గు ఎంతకీ కదల్లేదు. లోపలే విరిగితే? చెమట తుడుచుకుని మళ్లీ పానా పట్టాను. కిర్రుమని కదిలింది.

నువ్వున్నప్పుడు సందు మలుపులో బండి దగ్గు వినిపిస్తే చాలు, చూపు ఆనని అమ్మ నీకు సంగటి పెట్టేది. నువ్వు పోయాక కూడా, నేను బండి తెస్తే ఆ చప్పుడుకే వాకిలి దాకా వచ్చేది.

తాళం తిప్పాను. ఇంజను నిమ్మళంగా తిరిగింది. ఒక్క దగ్గు లేదు.

లోపలి నుంచి అమ్మ కేకేసింది. “ఎవురో వచ్చిండారు మే, కుర్చీ ఎయ్యి.”

లోపలికి వెళ్లి అది నీ బండేనని చెప్పాలంటే భయమేసి, ఇంకా బండిలోనే కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.