ఇటుకకు రాని మట్టి

ప్రియమైన బావకు,

వార్డులో అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. అమ్మ తుంటి ఎముక అతుక్కుంటోంది. ఆవిడ బానే ఉంది, నర్సుల్నే సాధిస్తోంది. నా ఒళ్లు ఇక్కడుంది గానీ మనసంతా పశువులపాక వెనక కంపోస్టు కుప్ప మీదే ఉంది. తిరగేశావా? నీళ్లు చిలకరించావా? కర్ర గుచ్చి, తీసి, చేత్తో పట్టుకుని చూడు. వేడిగా ఉంటే ఇంకా ఉడుకుతోందన్నమాట. చల్లారి, తొలివాన వాసన వస్తే తయారైనట్టు. తొందరపడి పచ్చిది వేశావో, మొక్కలు పాలిపోతాయి.

ఫోన్ చేద్దామంటే అది మీ అన్నయ్య గదిలో ఉంది. ఆయన పక్కనుంటే నువ్వు ఊఁ తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. అందుకే పాలవ్యాను డ్రైవరు చేత ఈ ఉత్తరాలు.

మీ అన్నయ్య చేను పైమట్టి ఇటుకబట్టీకి అమ్మేద్దామంటున్నారు కదా, నేనొచ్చేదాకా ఆపు. కిందటేడు బావి పక్క మడికి కంపోస్టు వేశాం, గుర్తుందా? చేనంతా నెర్రెలిచ్చినా ఆ మడి మాత్రం తడి ఆరక పదునుగానే ఉంది. మిగతాదీ అలాగే తేరుకుంటుంది. మట్టే ఎత్తేశాక ఇంక దేన్ని బాగుచేస్తాం? చేనులో సగం నీది. నోరు మొత్తం నీదే.

నీ మొండిఘటం

*

ప్రియమైన మొండిఘటానికి,

అత్త నర్సుల్ని సాధిస్తోందంటే నాకు ధైర్యం వచ్చింది. కుప్ప తిరగేశాను. అన్నయ్యకు మోకాళ్లు పట్టేసి చేను వైపే రావడం లేదు. మంచం మీద నుంచే బట్టీ యజమానిని పిలిపించాడు. ఆయన వరండాలో కూర్చుని, టీ తాగి, వచ్చే వారం మట్టి చూస్తానన్నాడు.

"పండని మట్టిని ముద్దు పెట్టుకుంటావట్రా?" అన్నాడు అన్నయ్య. నీకు తెలుసుగా, నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. ఆయన ముందు నాకు నోరు పెగలదు. ఊఁ అన్నాను.

తిట్టుకో. అన్నం సహించడం లేదు.

నీ బావ

*

బావా,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. పెంచినాయనకు కాళ్లు పట్టు, మందులు కొనిపెట్టు, నేను కాదంటానా? ఊఁ కొట్టడం ఎందుకు? వార్డులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాను. "తుంటి విరిగింది నాకా నీకా, కుదురుగా కూర్చోలేవూ?" అంటోంది అమ్మ.

ఆ ఊఁ వెనక్కి తీసుకో. కర్ర గుచ్చావా లేదా, అదీ రాయలేదు నువ్వు.

మండిపడుతున్న నీ మొండిఘటం

*

ప్రియమైన మొండిఘటానికి,

కుప్ప ఇప్పుడు పాక వెనక లేదు. మిగతాది రాయడానికి ధైర్యం చాలడం లేదు. బట్టీ యజమాని ఎల్లుండి వస్తాడు. అత్తను చూసుకో.

నీ బావ

*

బావా,

లేదంటే? కాళ్లొచ్చి నడిచి వెళ్లిందా? ఎవరికి ఇచ్చేశావు? పేడా ఆకులూ తట్టలకొద్దీ మోసిన చేతులివి. చేనుతో పాటు దాన్ని కూడా వదిలించుకున్నారన్నమాట అన్నదమ్ములు.

చెల్లెలు రాగానే అమ్మను అప్పగించి వచ్చేస్తాను. వచ్చేసరికి చేనులో గొయ్యి కనిపించిందా, ఇంక నీతో మాట్లాడను. ఇది బెదిరింపు కాదు.

నేను

*

ప్రియమైన మొండిఘటానికి,

కుప్ప చేనులోనే ఉంది. కర్ర గుచ్చాను, చల్లగా ఉంది. వాసన నువ్వు చెప్పినట్టే వచ్చింది. బండికెత్తి, చేనంతా చల్లి, దున్నేశాను. నా నడుం ఇంకా నిలబడటం లేదు.

ఎందుకో చెబితే నవ్వుతావు. ఎరువు ఎక్కువ తిన్న మట్టి ఇటుకకు రాదు, కాలిస్తే పగిలిపోతుందని ఆ రోజు టీ తాగుతూ బట్టీ యజమానే అన్నాడు. అన్నయ్యకు కాదని నేనెలాగూ చెప్పలేను, మట్టి చేతే చెప్పిద్దామనుకున్నాను.

ఆయన వచ్చాడు. అన్నయ్య కూడా కర్ర ఊతతో వచ్చాడు. బట్టీ యజమాని మట్టి తడిపి ముద్ద చేస్తే పొలుసుల్లా రాలిపోయింది. బావి పక్క మడిలో పార దించితే అన్నీ వానపాములే. "ఇది మాకెందుకూ పనికిరాదండీ" అన్నాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది. అంతలో గడ్డం గోక్కుని, "పై జానెడు చెక్కి గట్టు అవతల పారబోస్తాం. కింది మట్టి చాలు" అన్నాడు.

"ఏరా, సరేనా?" అన్నాడు అన్నయ్య.

నీ కష్టమంతా ఆ జానెడులోనే ఉంది. "కుదరదన్నయ్యా" అన్నాను. వినపడలేదనుకున్నాడో ఏమో, "ఏమన్నావ్?" అన్నాడు. మళ్లీ అన్నాను. ఈసారి బట్టీ యజమాని కూడా వెనక్కి తిరిగాడు.

ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున పెద్ద వాన పడింది. ఎప్పుడూ గట్టు దాటి పోయే నీళ్లు, ఈసారి చాలావరకు చేనులోకే ఇంకాయి. గట్టు మీద తడుస్తూ నిలబడి ఒక్కణ్ణే చూశాను. ఇంటికొచ్చి చెబితే అన్నయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు. ఎదురుగా కూర్చుని తింటాడు, ఉప్పు కావాలన్నా అడగడు.

చేనులో గొయ్యి లేదు. త్వరగా రా. వచ్చి తిట్టినా సరే, ఈ ఇంట్లో నాతో ఎవరో ఒకళ్లు మాట్లాడాలి.

నీ బావ