కణత మీది విభూతి

ఎడిసన్, 12-11-88

వదినగారికి నమస్కారాలు. ట్రంకాల్‌లో చెప్పిన కారు ప్రమాదం జరిగి తొమ్మిది రోజులు. మీ తమ్ముడు ఇంకా కళ్ళు తెరవలేదు. ఆసుపత్రిలో రోజూ మంచం దగ్గరికే మెషీన్ తెచ్చి, కణతకు పెన్సిలంత గొట్టం ఆనించి, మెదడులో రక్తం పారే చప్పుడు వింటారు. నిన్న ఎంతసేపు ఆనించినా చప్పుడు రాలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"విభూతి అడ్డొస్తోందమ్మా, క్లీన్ చేయనివ్వండి," అన్నారు మన తెలుగు డాక్టరు భీమశంకర్‌గారు. ఈ దేశానికి బయల్దేరేటప్పుడు మీరిచ్చిన విభూతి నేనే నుదుటి నుంచి కణతల దాకా దట్టంగా పట్టించాను. తుడిచాక వినిపించింది, కానీ మొన్నటికన్నా సన్నగా.

అత్తయ్యగారికి చదివి వినిపించేటప్పుడు ఈ సంగతి దాటేయండి. మీ బాబిగాడి జ్వరం తగ్గిందా?

విభూతి ఇక ఆయనకు పెట్టొద్దన్నారు. నా నుదుట పెట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు. ఈసారి కుంకుమ పంపండి.

మీ మరదలు,
హైమ