పది లక్షల ఒకటి

నెయాఫు, వవౌ దీవి
14 ఆగస్టు 1996

ప్రియమైన లొసాలినికి,

నీ ఇల్లు చల్లగా ఉండాలని దేవుణ్ణి వేడుకుంటూ లవీనియా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ ఒక్కరు తప్ప అందరం క్షేమం. ఆ ఒక్కరు మన లెక్కల మాస్టారు ఫెలేటి. పోయిన ఆదివారం కన్నుమూశారు. ఇన్నేళ్ళూ పలకరించనిది ఇప్పుడెందుకు గుర్తొచ్చానని ఈ కాగితం చింపెయ్యకు. చివరిదాకా చదువు, తర్వాత నీ ఇష్టం.

ఆయన కూతురు సేయిని మనతో చదువుతూ జ్వరంతో పోయింది కదా. సమాధి మీద తెల్ల ఇసుక పరిచి, నల్ల గులకరాళ్ళతో ఒక సంఖ్య పేరుస్తానన్నారు. "చావు నా ఇంటిని ముక్కలు చేసింది, ఎవ్వరూ ముక్కలు చెయ్యలేనిది ఒకటి దాని మీద ఉండాలి" అన్నారు. పది లక్షల ఒకటి అలాంటిదేనేమో చూడమని మనకు అప్పగించారు. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలట. ఐదు వందల లోపువి నాకు, పైవి నీకు. వారం రోజులు చాప మీద బోర్లా పడుకుని భాగహారాలు చేశాం. దేనితోనూ పోవడం లేదన్నాం. ఆయన రాళ్ళు పేర్చారు.

మరుసటేడు బడి తనిఖీకి వచ్చినాయన అది చూసి, ఇది 9901తో నిశ్శేషంగా పోతుంది కదా అని నవ్వాడు. అంతే, "పెద్ద సంఖ్యలు లొసాలినివే కదూ! చచ్చిన పిల్లని కూడా మోసం చేసిందమ్మా మహాతల్లి" అంటూ ఊరంతా నీ మీద పడింది. మీ అమ్మ చర్చికి రావడం మానేసింది. నువ్వు ఆక్లండ్ ఓడెక్కావు. కానీ 9901తో భాగిస్తే వచ్చేది 101. అది నా వాటాలోది. నేను నోరు విప్పలేదు.

అదెలా తప్పిపోయిందో చెబుతాను. మా నాన్న కొబ్బరికాయలు జతలుగా లెక్కపెట్టేవాడు గుర్తుందా? యాభై జతలయ్యాక ఒంటికాయ మిగిలితే, "నూటొకటైనా నూరేనే, ఒంటిది లెక్కపెట్టినవాడి పొట్టలోకి" అనేవాడు. ఆ అలవాటున నూటొకటిని నూరనుకుని దాటేశాను.

ఏటా ఆ రాళ్ళు కడిగి మళ్ళీ పేర్చేది నేనే. ఎలా పేర్చినా ఒకటి మిగులుతుంది. దాన్ని తీసుకుని ఇంటికి నడుస్తుంటే వెనకాల సేయిని గొంతు ఒకటీ రెండూ అంటూ వస్తుంది. నూరు దగ్గర ఆగిపోతుంది. తర్వాతది నేను అనాలని కాచుకుని ఉంటుంది. భయమేస్తుందే.

నెలాఖరుకి మాస్టారి సమాధి మీద రాళ్ళు వెయ్యాలి. కూతురికి ఉన్నదే తండ్రికీ ఉండాలని ఊళ్ళోవాళ్ళు అదే సంఖ్య పేర్చమంటున్నారు. నేను రెండు సమాధుల మీదా పది లక్షల మూడు పేరుద్దామనుకుంటున్నాను. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిదింటితోనూ భాగించాను, దేనితోనూ పోలేదు. కానీ నా లెక్కని నేనే నమ్మను. నువ్వు చూసి సరే అంటేనే పేరుస్తాను.

చాపలో సగం ఆక్రమించే
నీ లవీనియా

తా.క.: కొబ్బరికాయల కథ అబద్ధం. నూటొకటితో భాగించాను. శేషం సున్న. అప్పటికే మాస్టారు గంపెడు రాళ్ళతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ ముఖం చూసి పోవడం లేదనేశాను. కాగితం నలిపి పొయ్యి పక్కన పారేశాను. నిన్న ఆయన బైబిలు తెరిస్తే అందులో ఉంది, సాపు చేసి మడతపెట్టి. సున్న పక్కన ఎర్రసిరాతో రైటు కొట్టి ఉంది. కింద తేదీ, రాళ్ళు పేర్చిన రోజుది. ఆయనకీ తెలుసు లొసాలినీ. ఇద్దరం కలిసి నిన్ను వెళ్ళగొట్టాం. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. ఎవరికి చూపిస్తావో నీ ఇష్టం.